నేనన్న ఒక్క ‘కానీ’

నిన్న సాయంత్రం మా మనవరాలు ఫోను ముందర పెట్టుకుని దిగులుగా కూర్చుంటే ఏమైందని అడిగాను. కాలేజీలో డిజైను ప్రాజెక్టట, ఐదుగురు కలిసి పరిశోధన చెయ్యాలట. దీనికేమో ముసలివాళ్లు ఎక్కలేని బస్సు మెట్ల మీద చెయ్యాలని ఉంటే, మిగిలిన నలుగురూ టిఫిన్లు తెప్పించుకునే యాప్ రూపం మారుద్దామంటున్నారట. అందరూ ఒప్పుకుంటే గానీ పని మొదలుకాదట. వింటూంటే నాకు ఆదోనిలో చదివిన రోజులు గుర్తుకొచ్చాయి. నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది గానీ, పిల్లలకు ఇదంతా కథలా ఉంటుంది.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఉన్న ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి ఆదోనికి పోయి డిజైను డిప్లొమా చదివేదాన్ని. జట్టులో నలుగురం. పత్తి వ్యాపారి కొడుకు జట్టుకు పెద్ద, తర్వాత హాలహర్వి పిల్ల, నందవరం అబ్బాయి, నేను. నలుగురూ ఒక్క మాట మీదికి వస్తేనే సంతకం పెడతానని మా అయ్యవారు తేల్చి చెప్పేశారు. నా మనసులో మాత్రం మా అమ్మ కూర్చునే మగ్గం గుంత ఒక్కటే ఉండేది. వానాకాలమంతా ఆ గుంతలో చెమ్మ ఊరేది, అందులో కాళ్లు పెట్టి పొద్దస్తమానం తొక్కి తొక్కి అమ్మ మోకాళ్లు వాచిపోయేవి. ఆ గుంతనూ, కూర్చునే పలకనూ ఎట్లా మార్చవచ్చో కనిపెట్టి, చదువయ్యేలోగా అమ్మను ఆ చెమ్మలోంచి పైకి తియ్యాలని నా ఆశ. మా పెద్దకేమో చీర అంచులకు కొత్త డిజైన్లు వేసి ఎగ్జిబిషన్లో పెట్టాలని ఉబలాటం.

మమ్మల్ని క్యాంటీనులో కూర్చోబెట్టి, అంచులే చేద్దామా అని ఒక్కొక్కరినీ అడిగాడు. హాలహర్వి పిల్ల వాళ్ల ఇంటి కన్నడంలో "ఆయ్తు" అని సరేనన్నట్లు తలూపింది. నందవరం అబ్బాయి ఎప్పుడూ అనే మాటే, "మీ ఇష్టమప్పా" అన్నాడు. నా వంతు వచ్చేసరికి మగ్గం గుంత సంగతి ఎత్తబోతూ "కానీ..." అన్నాను.

"కానీ అంటివి గదా! ఇంగేముంది, అందరమూ ఒప్పుకున్నట్లే!" అని మా పెద్ద బల్ల చరిచాడు.

మన తెలుగుతో వచ్చిన చిక్కే ఇది, అడ్డం చెప్పాలన్నా కానీయే, కానివ్వమనాలన్నా కానీయే. నా కానీ వెనక అమ్మ మోకాళ్లున్నాయని వాళ్లకేం తెలుసు? అయ్యవారు సంతోషపడి ఆ రోజే సంతకం పెట్టేశారు. తర్వాత నోరు విప్పబోతే ముందే చెప్పాల్సింది గదా అని నొచ్చుకున్నారు, ఎవరి మనసులోనూ చెడ్డ లేదు. చెడ్డవాళ్లయితే పోట్లాడవచ్చు, మంచివాళ్లతో ఏం చేస్తాం?

ఇంతకీ ఆ అంచు నేసిందెవరనుకున్నారు, మా అమ్మే. కూతురి చదువు పని అని మురిసిపోతూ, ఆ వానాకాలం తన నేత అయ్యాక మళ్లీ అదే గుంతలోకి దిగేది. వద్దమ్మా అంటే "ఊరుకో పాపా, నీకు పేరొస్తాది, నాకింగేం గావల్ల" అనేది. అంచు చూడముచ్చటగా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. దాన్ని ఎగ్జిబిషన్లో చూడాలని నాతో బయల్దేరిన అమ్మ మాత్రం ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు కడ్డీ పట్టుకుని, మెట్టు మీదికి కాలు లేవక కాసేపు అట్లాగే నిలబడి, "నువ్వు పోయి రా తల్లీ" అని వెనక్కి తిరిగింది. ఆ నడక ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

అమ్మా లేదు, ఆ గుంతా పూడ్చేశాం. ఇప్పటి పిల్లలకు ఒకరి మొహం ఒకరు చూసుకునే పని కూడా లేదు, ఫోను మీద వేలితో నొక్కితే చాలు. తప్పుగానైనా నా కానీని ఆ రోజు చెవులతో విన్నారు. ఈ ఫోనులో ఔను, కాదు తప్ప కానీకి చోటే లేదు.

"అవ్వా, అందరూ సరే అనేసినారు, నేనొక్కదాన్నే మిగిలినా. నేనూ సరే అని నొక్కేసేదా?" అని అడిగింది మనవరాలు.

వద్దే తల్లీ అందామనే నోరు తెరిచాను.

"కానీ..." అన్నాను.

తతిమ్మా మాట బయటికి వచ్చేలోపే అది నొక్కేసింది.