ట్యాగు తెంపని బ్యాగుతో ట్రక్కీ కొండకి

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి కాలిఫోర్నియాలోని ఎమెరీవిల్‌లో రైలెక్కాం. మంచుకొండల్లో ఉన్న ట్రక్కీ దాకా వెళ్లి, మంచు మీద జారే పొడుగాటి స్కీలు కాళ్లకి కట్టుకుని కొండెక్కి, వాటి మీదే జారుతూ దిగాలన్నది నా కోరిక. పైకి మోసుకెళ్లే స్కీ లిఫ్టు ఉండదు, ఎక్కడమంతా సొంత కాళ్లతోనే. శిఖరం మీంచి టాహో సరస్సు మొత్తం కనిపిస్తుందట. దానికోసం రెండు శీతాకాలాలు పడుతూ లేస్తూ స్కీయింగ్ నేర్చుకున్నాను. మా ఆయన శ్రీకాంత్ తోడుగా బయల్దేరాడు.

వీపుకి తగిలించుకునే బ్యాగు మాత్రం తనే ఎంచుకున్నాడు. షాపులో నా వీపుకి తగ్గది తీసుకోబోతుంటే, "లార్జ్ తీసుకుందాం, తర్వాత నాకూ పనికొస్తుంది" అన్నాడు. దాని నడుము పట్టీ నాకు తుంటి కిందికి జారిపోతోంది. ఫిట్ కావట్లేదు మొర్రో అన్నాను. "స్ట్రాప్స్ లాగితే సెట్ అవుతుందిలే" అన్నాడు. ఇంటికొచ్చాక మళ్లీ చెప్పాను. గోడకి చెప్పుకున్నా నయం. పైగా, "ట్యాగ్ తెంపకు, నచ్చకపోతే రిటర్న్ చేసేద్దాం" అని ఆ ట్యాగుని బ్యాగు జేబులోకి దోపాడు.

రైల్లో పులిహోర తింటుంటే ఎదురు సీట్లో ఉన్న మన తెలుగమ్మాయి, కాలేజీ పిల్ల, వంగి చూసింది. "ఆంటీ, మీ బ్యాగ్ జేబులోంచి ట్యాగ్ బయటికొచ్చి వేలాడుతోంది. కట్ చేయనా?"

"వద్దొద్దు!" శ్రీకాంత్ ఉలిక్కిపడ్డాడు. ఆంటీ అన్నందుకు నాకు కోపం రావాల్సింది. అప్పటికే వేరే కోపంలో ఉన్నాను.

మధ్యాహ్నం రెండున్నరకి ట్రక్కీలో దిగాం. మోటెల్ స్టేషన్‌కి నడిచే దూరమే. గదిలో హీటరు బాగా పనిచేసింది. కాఫీ మాత్రం తాగకండి.

ఆదివారం ఉదయం ఏడింటికి కొండ కింద, మేం ముందే డబ్బు కట్టి చేరిన జట్టు కలిసింది. ఇద్దరు గైడ్లు. మొదట్లో దారి సుఖంగానే ఉంది. ఏటవాలు పెరిగాక స్కీలు విప్పి బ్యాగుకి కట్టుకోమంది మేగన్ అనే గైడు. శ్రీకాంత్ నా చెవిలో, "స్కీ అంచులు తగిలితే గుడ్డ చిరుగుతుంది. చేత్తో పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను, నా బుద్ధి తగలెయ్య! బ్యాగు బరువంతా భుజాల మీద వేలాడుతూ అడుగడుగునా వెనక్కి లాగుతోంది. ఒకచోట కాలు జారింది. ఆసరాకి దేన్నైనా పట్టుకుందామంటే చేతులు ఖాళీ లేవు. మేగన్ గబుక్కున బ్యాగు పట్టుకుని ఆపింది. నడుము పట్టీ లాగి చూసి, "ఇది మీ సైజు కాదు. దీనితో మిమ్మల్ని పైకి తీసుకెళ్లలేను, సారీ" అంది.

శిఖరం ఎదురుగా కనిపిస్తూనే ఉంది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

"ఇంత దూరం వచ్చాం కదా, నేను వెళ్లి చూసొస్తా. నీకు ఫొటోలు తెస్తాలే" అన్నాడు శ్రీకాంత్.

రెండో గైడు వెంట నేను దిగిపోయాను. ఫొటోలు అదిరిపోయాయని తనే చెప్పాడు. నేను చూడలేదు.

మీరూ వెళ్తానంటే రైలూ, ఊరూ, గైడ్లూ అన్నీ భేషుగ్గా ఉంటాయి. బ్యాగు మాత్రం ఎవరి మాటా విని కొనకండి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద బిగిసి కూర్చోవాలి. స్కీలు కట్టే చోట గుడ్డ మందంగా ఉండాలి.

సోమవారం తిరుగు రైలెక్కగానే శ్రీకాంత్ ఫోన్ తీశాడు. "రిటర్న్ పెట్టేస్తున్నా. ఒక్క గీత కూడా పడలేదు, చూశావా?" అని మురిసిపోయాడు. "రీజన్ అడుగుతోంది..."

క్షణం కూడా ఆలోచించలేదు. "డజ్ నాట్ ఫిట్" అని పైకి చదువుతూ నొక్కేశాడు.

షాపులో నేను మొత్తుకున్న మాట అదే. షాపువాళ్ల దగ్గరైతే వెంటనే ఒప్పుకున్నాడు.