ఫైవ్‌కీ నైన్‌కీ మధ్య మిస్టర్ కోల్బీ

2009లో నేను టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండేవాణ్ణి. అక్కడే లాస్ కొలీనాస్ అనే పేటలో ఓ చిన్న కంపెనీలో ఫోన్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. ఎక్కడికైనా ఫోన్ చేస్తే "ఇందుకు ఒకటి నొక్కండి, అందుకు రెండు నొక్కండి" అని ఓ గొంతు విసిగిస్తుంది చూశారూ, దాని వెనకాల కూర్చునే పాపాత్ముల్లో నేనూ ఒకణ్ణి. ఆ ఏడాది మాకో మంచి ప్రాజెక్ట్ దొరికింది. ఇర్వింగ్‌కి గంటన్నర డ్రైవ్ దూరంలో, యుద్ధాల్లో పనిచేసి వచ్చిన మాజీ సైనికుల కోసం ఒక హాస్పిటల్ ఉంది. అక్కడ అపాయింట్‌మెంట్ తేదీలు ఉత్తరాల్లో పంపేవారు. ఉత్తరం చేరేసరికే తేదీ ముంచుకొచ్చేది, ఎవరైనా రాలేకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి ఇచ్చే వ్యవధి ఉండేది కాదు. అందుకని ఉత్తరాలు మానిపించి, మిషన్ చేతే పేషెంట్‌కి ఫోన్ చేయించి తేదీ చెప్పించే సిస్టమ్ మేం కట్టాం. వస్తానంటే ఒకటి నొక్కాలి, మళ్ళీ వినాలంటే రెండు.

ఇందులో ముందే రికార్డ్ చేసి పెట్టుకునే మాట ముక్కల్ని ప్రాంప్ట్‌లంటారు. నెల పేరు ఒక ముక్క, అంకె ఒక ముక్క, గంట ఒక ముక్క. వాటిని అతికించి మిషన్ "జూన్, ఫైవ్, ఎట్, టెన్" అని చదువుతుంది. గొంతు ఇవ్వడానికి ఒక ప్రొఫెషనల్ ఆవిణ్ణి పెట్టారు. ఆ గొంతు ఎంత తియ్యగా ఉండేదంటే, అపాయింట్‌మెంట్ లేకపోయినా వెళ్ళాలనిపించేది. ఆవిడ రికార్డింగులు వచ్చేలోపు టెస్టింగ్ కోసం అంకెలన్నీ నా గొంతుతోనే రికార్డ్ చేసుకున్నాను. నాది తెనాలి. అమెరికాకొచ్చి ఆరేళ్ళయినా నా ఇంగ్లీషు తెనాలి దాటలేదు. ఫైవ్‌ని "ఫైవు" అంటాను, నైన్‌ని "నైను" అంటాను. మా టీమ్ లీడ్ వేణన్నది వరంగల్. నా ఫైళ్ళు విన్నప్పుడల్లా, "అరే రాంబాబూ, పేషెంట్లను పిలుస్తున్నవా, బస్టాండ్ల బస్సులు అనౌన్స్ చేస్తున్నవా?" అని నవ్వేవాడు.

సిస్టమ్ మొదలై నెలలు గడిచినా ఒక లెక్క మాకు మింగుడు పడలేదు. చెప్పిన రోజున రాని పేషెంట్‌ని నో-షో అంటారు. ఫోన్లు పెడితే నో-షోలు తగ్గుతాయనుకున్నాం. తగ్గలేదు సరికదా, పెరిగాయి. వస్తామని ఒకటి నొక్కినవాళ్ళే రావడంలేదు. రెండు నో-షోలు పడితే, స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్ళమని డాక్టర్ రాసిన సిఫార్సు దానంతటదే మూసుకుపోతుంది, మళ్ళీ లైన్లో చివరికెళ్ళి నిలబడాలి. మీటింగుల్లో అందరూ పెదవి విరిచి, ఈ ముసలి సైనికులు ఇంతే, చెప్పినా రారు, అని తేల్చేశారు. నేనూ తలూపాను. ఇది ఒప్పుకోవడానికి ఇప్పటికీ నాకు సిగ్గే.

అక్టోబర్ ఒకటిన నేనో ఘనకార్యం చేశాను. కొత్త వెర్షన్ ఎక్కించేటప్పుడు అంకెల ఫోల్డర్ మాత్రం టెస్ట్‌ది పెట్టేశాను. మధ్యాహ్నం వేణన్న నా సీటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చేసినవ్ తమ్మీ? ఆమె ముద్దుగ మాట్లాడుతాంటే నడుమల నువ్వు అరుస్తున్నవ్!"

విన్నాను. తేనె గొంతుతో "యువర్ అపాయింట్‌మెంట్ ఈజ్ ఆన్ అక్టోబర్..." అని ఆవిడ అనగానే, పక్కగదిలోంచి ఎవరో గద్దించినట్టు "నైను!" అని నేను. మళ్ళీ ఆవిడ "ఎట్". మళ్ళీ నేను "టెన్ను!" పొద్దుటినుంచీ పేషెంట్లందరికీ ఇలాగే వెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడికి ఇలాంటి రోజు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. గంటలో సరిచేసి, క్షమించమని ఈమెయిల్ పెట్టాను. హాస్పిటల్ మేనేజర్ ఒకటే లైను జవాబిచ్చాడు. తొమ్మిదో తారీఖు మీటింగ్‌కి నేనే స్వయంగా రావాలని.

తొమ్మిదిన వేణన్నా నేనూ కార్లో వెళ్ళాం. దారంతా ఆయన నాకు సారీ చెప్పే పద్ధతి నేర్పుతూనే ఉన్నాడు. గుండె విభాగం కౌంటర్‌లో కూర్చునే డెనీస్ మాకు ఎదురొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు తాడుకి కట్టుకుని మెళ్ళో వేసుకునేది.

"ఫోన్‌లో అంకెలు చెప్పిన మనిషి మీరేనా?" అంది. నేను నేల చూపులు చూస్తూ అవునన్నాను.

"మీటింగ్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇటు రండి. మిస్టర్ కోల్బీ మీ కోసం కూర్చున్నారు."

తిట్టడానికే అనుకున్నాను. కుర్చీలో పొడుగాటి మనిషి, అరవై దాటి ఉంటారు. రెండు చెవుల్లోనూ వినికిడి మిషన్లు. లేచి నిలబడి చెయ్యి కలిపారు గానీ, ఆ లేవడానికే ఆయాసపడ్డారు.

"ఆ నైనర్ చెప్పింది నువ్వేనా, అబ్బాయ్?" అన్నారు.

నాకర్థం కాలేదు. ఆయనే చెప్పారు. వియత్నాం యుద్ధంలో ఫిరంగి దళంలో రేడియో ఆపరేటర్ ఆయన. గుండు ఎక్కడ వెయ్యాలో అంకెల్లో చెప్పడం పని. "రేడియో గరగరలో ఫైవూ నైనూ ఒక్కలాగే వినబడతాయి. అందుకే మాకు ఫైవ్‌ని ఫైఫ్ అనీ, నైన్‌ని నైనర్ అనీ నేర్పారు. పొరబడితే గుండు మనవాళ్ళ మీదే పడుతుంది. ఆ ఫిరంగులే నా చెవులు తినేశాయి. మీ ఫోన్‌లో మాట్లాడే ఆవిడ అంకె చెబితే ఐ, ఐ అని వినిపిస్తుంది నాకు. అది ఫైవో నైనో ఆ దేవుడికే తెలియాలి."

నాకప్పుడు వెలిగింది. పెద్ద చప్పుళ్ళ మధ్య పనిచేసిన చెవిలో ముందు పోయేవి సన్నని శబ్దాలు. అచ్చులు వినబడతాయి, హల్లులు రాలిపోతాయి. ఫైవ్‌లోంచి, నైన్‌లోంచి హల్లులు తీసేస్తే మిగిలేది "ఐ" ఒక్కటే. ఇక నా సంగతి. తెలుగు అజంత భాష, మాటల చివర అచ్చు ఉంటుందని స్కూల్లో చెప్పారు. ఆ అలవాటుతో నేను ఇంగ్లీషు అంకెల తోకకి కూడా ఒక అచ్చు తగిలిస్తాను. నా గొంతు మొద్దు గొంతు, పలుకు నెమ్మది. నేను "నైను" అంటే ఆయనకి వాళ్ళ నైనర్ వినిపించింది. వేణన్న నా వంక చూశాడు. ఈసారి నవ్వలేదు.

డెనీస్ మిగతాది చెప్పింది. మిస్టర్ కోల్బీ గుండెలో ఒక కవాటం సన్నబడిపోయింది. స్కాన్‌కి జూన్ ఐదున రమ్మని మిషన్ ఫోన్ చేస్తే ఈయన తొమ్మిదిన వచ్చారు, తొంభై మైళ్ళు డ్రైవ్ చేసుకుని. అప్పటికే ఒక నో-షో పడిపోయింది. భార్య ఉన్నప్పుడు ఫోన్లన్నీ ఆవిడే ఎత్తేదట, ఇప్పుడు ఇంట్లో ఒక్కరే. రెండోసారి తేదీ చెప్పిన ఫోన్ నా అరుపుల రోజున వెళ్ళింది. అందుకే ఇవాళ సరిగ్గా వచ్చారు. స్కాన్ అయింది.

"బాగా లేదు. సర్జన్ చూడాలి, అదీ తొందరగా" అంది డెనీస్. "ఆ సర్జన్ ఉండేది వేరే ఊరి హాస్పిటల్‌లో. ఆయన షెడ్యూల్ నా స్క్రీన్‌లో రాదు, నేరుగా మీ సిస్టమ్‌కే వస్తుంది. ఖాళీ దొరగ్గానే ఈయనకి మీ మిషనే ఫోన్ చేస్తుంది. అది గనక తప్పిపోతే రెండో నో-షో. సిఫార్సు మూసేస్తారు. మళ్ళీ మొదటినుంచీ తిరిగేంత టైమ్ ఈయన దగ్గర లేదు."

మిస్టర్ కోల్బీ మా పెదవులు చూస్తూ కూర్చున్నారు. "నాకు కావలసింది ఒక్కటే. ఆ ఫోన్ వచ్చినప్పుడు అంకె నువ్వు చెప్పాలి" అన్నారు.

మీటింగ్‌లో మేనేజర్ ఒప్పుకోలేదు. చెడ్డమనిషి కాదు, జాగ్రత్తమనిషి. ఒక్కరి కోసం అందరికీ యాసతో ఉన్న గొంతు వినిపిస్తే కంప్లైంట్లు వస్తాయన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నా యాస మీద నేను ఎన్నైనా అనుకుంటాను, ఇంకొకరంటే ఊరుకోవడం కష్టం. నోరు తెరవబోతుంటే వేణన్న టేబుల్ కింద నా కాలు తొక్కాడు. ఈలోగా డెనీస్ ఒక స్పైరల్ నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది.

వసంతం నుంచి తన కౌంటర్‌కి తప్పు రోజున వచ్చిన ప్రతి మనిషి పేరూ అందులో రాసుకుంది. పేరు, అసలు తేదీ, వచ్చిన తేదీ. ఎవరూ రాయమనలేదు. "కంప్యూటర్‌లో రాద్దామంటే దానికి గడి లేదు. అందులో వచ్చారు, రాలేదు, రెండే ఉన్నాయి" అంది. పేజీలు తిప్పాం. ఐదుకి బదులు తొమ్మిది, తొమ్మిదికి బదులు ఐదు. పదమూడుకి బదులు ముప్ఫై. ఆ గడులు పెట్టింది నేనే, అందుకే పేజీ పేజీకీ నా ముఖం చెల్లలేదు. ఇంత తెలివైన పని ఇంత గుట్టుగా చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అప్పుడు మిస్టర్ కోల్బీని లోపలికి పిలిచారు. మాకు వీపు పెట్టి కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నారు. ముందు ఆవిడ గొంతులో పది తేదీలు, తర్వాత నా గొంతులో పది తేదీలు వినిపించాను. వినబడింది కాగితం మీద రాశారు. ఆవిడ చెప్పినవాటిలో సగం తప్పు. నావి పదీ రైటు. మేనేజర్ ఆ కాగితం రెండుసార్లు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఎప్పటికల్లా మార్చగలరు?" అన్నాడు.

గొంతు మాత్రం మీదే ఉండాలి, సైనికులకి సైనికుడే చెప్పినట్టుంటుంది, అని మిస్టర్ కోల్బీని నేను బతిమాలాను. ఆయనా ఉత్సాహపడ్డారు. తర్వాతి వారం ఒక చిన్న గదిలో మైక్ పెట్టాం. నాలుగంకెలు చెప్పేసరికి ఊపిరి అందలేదు. కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆగిపోయారు. మైక్ నా వైపు జరిపి, "నువ్వే చెప్పు. నేను నేర్పుతాను" అన్నారు. ఆ పూటంతా నన్ను రిక్రూట్‌ని చేసి ఆడించారు. "గొంతులోంచి కాదు, పొట్టలోంచి. తొందరెందుకు? అవతలివాడు పెన్సిల్ పట్టుకుని ఉన్నాడనుకో. ఒక్కో అంకె వాడి చేతికి అందించు." ఐదుని ఫైఫ్ అన్నాను, తొమ్మిదిని నైనర్ అన్నాను. థర్టీన్ దగ్గర "వన్, త్రీ" అని విడదీసి చెప్పించారు. పదేపదే చెప్పించి, చివరికి కళ్ళు మూసుకుని విని తలూపారు. ఆయాసంతో భుజాలు ఎగిరిపడుతున్నా, తన సంగతి ఒక్కమాట ఎత్తలేదు. ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను.

అక్టోబర్ ఆఖర్లో లాగ్‌లో ఆయన నంబర్ కనబడింది. లాగ్ అంటే మిషన్ చేసిన ప్రతి కాల్‌కీ అది రాసుకునే చిట్టా. సర్జన్ దగ్గరికి నవంబర్ ఐదు, తొమ్మిది గంటలకి. తేదీలో ఒకటి, గంటలో ఇంకొకటి, రెండూ ఆ పాడు అంకెలే! ఆయన రెండు నొక్కి మళ్ళీ వినలేదు, ఒకసారి విని ఒకటి నొక్కేశారు. సరిగ్గా విన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

ఐదో తారీఖు పొద్దున్న ఎనిమిదింటికే స్క్రీన్ ముందు కూర్చున్నాను. నిమిషానికోసారి రిఫ్రెష్ కొడుతున్నాను. ఎనిమిదిన్నర, ఏమీ లేదు. తొమ్మిదికి పది నిమిషాలుందనగా ఆయన పేరు పక్కన "చెక్డ్ ఇన్" అని పడింది. వేణన్న తన క్యూబికల్‌లోంచి కేకేశాడు.

"ఒచ్చిండా?"

"వచ్చారన్నా" అన్నాను.

ఆ ఏడాది ముగిసేలోపే ఆపరేషన్ చేసి కవాటం మార్చారు. ఫిబ్రవరిలో మిస్టర్ కోల్బీ మా ఆఫీసుకి ఫోన్ చేశారు. "నువ్వేం చెప్పకు, అబ్బాయ్, ఈ ఫోన్‌లో నాకు వినబడదు. నేను చెప్పేది విను. పడుకుంటే ఊపిరాడక ఏడాదిగా కుర్చీలో కూర్చునే నిద్రపోయాను. ఇప్పుడు మంచం మీద పడుకుంటున్నాను. అంతే" అని పెట్టేశారు. నేనూ రిసీవర్ పెట్టేశాను. కళ్ళు తుడుచుకోవడం ఎవరూ చూడలేదనుకున్నాను, వేణన్న చూశాడు.

ఈ వృత్తిలో ఆ తర్వాత చాలా సిస్టమ్‌లు కట్టాను. జనం మా సిస్టమ్ వాడటం లేదని ఎక్కడ రిపోర్ట్ వచ్చినా, ఇప్పుడు జనాన్ని అనే ముందు కౌంటర్ దగ్గరికి వెళ్ళి ఒక రోజు కూర్చుంటాను. వైద్యం అందరికీ అందాలంటే డాక్టర్లు ఉండాలి, మందులు ఉండాలి, నిజమే. కానీ ఎప్పుడు రావాలో చెప్పే ఒక్క మాట ఆ మనిషి చెవికి చేరకపోతే అవన్నీ ఉండీ లేనట్టే. మేం చెప్పామని మేం అనుకున్నాం. వాళ్ళు విన్నారా అని ఒక్కరం కూడా అడగలేదు. వాళ్ళు మాత్రం, వినబడిన ఆ కాస్త మాటనీ నమ్మి, తొంభై మైళ్ళ దూరం నుంచి కూడా వస్తూనే ఉన్నారు.