లేని మనిషి వంతు

నా చిన్నప్పుడు మా వీధికి, నెల్లూరు తాగగా మిగిలిన నీళ్లు వచ్చేవి. పైపు టౌను దాటి, మైపాడు రోడ్డు పక్కన మా దగ్గర ఆగిపోయేది. టౌనువాళ్లకు మేం పల్లెటూరివాళ్లం, పల్లెలవాళ్లకు టౌనువాళ్లం. వీధిలో సగం మంది వరి పండించే ఊళ్ల నుంచి, సగం మంది సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి చేరినవాళ్లు. అందరికీ కలిపి ఒకటే కొళాయి. పొద్దున గంటసేపు వచ్చేది.

బిందెలు ముందుగానే వరుసలో పెట్టుకునేవాళ్లం. నీళ్లు వచ్చే వేళకు మనిషి లేకపోతే ఆ బిందెను పక్కకు నెట్టేసేవాళ్లు. రోజూ అలా పక్కకు పోయేది చేపలవ్వ బిందె. ఆమె మొదటి బస్సుకే మైపాడు వెళ్లి, అక్కడ కొన్న చేపలు టౌనులో అమ్ముకుని తిరిగొచ్చేసరికి నీళ్లు ఆగిపోయేవి. తర్వాత ఇల్లిల్లూ తిరిగి చెంబెడు చెంబెడు అడుక్కునేది. అడుక్కుంటూనే అందర్నీ తిట్టేది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ పురిటి మంచం మీద ఉంది. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. మొదటిసారి నన్నే కొళాయికి పంపారు. నా ముందు చేపలవ్వ బిందె ఉంది. దాన్ని కాలితో నెట్టి, "మనిషి లేకుంటే వంతు లేదు" అన్నాను, పెద్దవాళ్లు అనేటట్టే. నా వెనక పక్కింటి అక్క ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన మనిషి. ఆమె వడకట్టే గుడ్డ మరిచిపోయానని, వాళ్లింటికి పోయి తెమ్మంది.

నేను తిరిగొచ్చేసరికి వరుసలో నా బిందె లేదు. అక్క బిందె కొళాయి కింద ఉంది. నా బిందె ఏదని అడిగితే ఒకామె నవ్వింది. "మనిషి లేకుంటే వంతు లేదని నువ్వే కదంటివి?" ఇంతలో కొళాయి బుసకొట్టి ఆగిపోయింది. నేను ఏడ్చాను. అమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు.

అక్క నన్ను కొళాయి దిమ్మె వెనక్కి తీసుకెళ్లింది. అక్కడ నా బిందె నిండుగా ఉంది. దాని పక్కన చేపలవ్వ బిందె, అదీ నిండుగానే. అక్క బిందెలో సగమే ఉన్నాయి.

"మనిషి లేకుంటే వంతు పోదు పాపా. ఎనకుండేవాళ్లు చూసుకోవాల," అని, ఆ సగం బిందె చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

ఆ పూట చేపలవ్వ వస్తూనే "ఎవురే నా బిందె ముట్టుకునింది?" అని కేక వేసింది. బిందెలోకి చూసి ఆగిపోయింది. ఎవర్ని తిట్టాలో తెలియక చుట్టూ చూసింది. "తిట్టవ్వా, నువ్వు తిట్టకుంటే మాకు పొద్దుపోదు," అంది అక్క తన గుమ్మంలోంచి. మర్నాటి నుంచి అవ్వ బిందె నేనే పట్టాను. నేను బడికి ముందే పోవాల్సిన రోజు నా వెనకామె పట్టేది. ఎవరూ దాన్ని నియమం అనలేదు.

ఇప్పుడు మా వీధి నెల్లూరులో కలిసిపోయింది. ఇంటింటికీ కొళాయి ఉంది. అయినా ఏ వరుసలో నిలబడినా, నా ముందు ఎవరు లేరో చూసుకోవడం నాకు అలవాటు.

పోయిన నెల అక్క పోయింది. చివరి స్నానం చేయించే వేళకు ఆమె చిన్నకూతురి కారు ఇంకా గూడూరు దాటలేదు. ఎండ ముదురుతోందని, కానిచ్చేయమని మగవాళ్లు తొందరపెట్టారు. అలాంటి చోట నేను మాట్లాడే మనిషిని కాను. ఒక చెంబు నీళ్లు ముంచి పట్టుకుని, "ఇది చిన్నమ్మాయిది. వస్తాది," అన్నాను. "లేని మనిషి కోసం ఎంతసేపమ్మా?" అన్నారొకరు. నేను కదల్లేదు.

గంట దాటాక ఆ అమ్మాయి వచ్చింది. చెంబు ఆమె చేతికిచ్చాను. నిండుగానే ఉంది.