టై కింద ఎర్ర గుండీ

హైటెక్ సిటీ రోడ్డు అప్పటికింకా పూర్తి కాలేదు. బండలు పేల్చేటప్పుడు సిటీ బస్సుని ఆపేసి, రాళ్లు ఎగిరొస్తాయని కిటికీలన్నీ మూయించేవారు. ఆ పొద్దున కూడా అలాగే ఇరుక్కుపోయాం. ఒకటే ఉక్క. దానికి తోడు మెడకి టై. ఉద్యోగంలో చేరాక దాన్ని తిట్టుకోని రోజు లేదు.

పక్క సీటాయన ఇక ఉండలేక తన టై వదులు చేశాడు. తెల్ల చొక్కాకి మెడ దగ్గరి గుండీ ఒక్కటే ఎర్రగా ఉంది. ఒకే ఒక్క క్యాసెట్ తెచ్చి మాయమైపోయిన ఓ బ్యాండు కుర్రాళ్లు స్టేజీ మీద అలాంటి చొక్కాలే వేసేవారు. ఈ ఊళ్లో వాళ్లని తలుచుకునేది నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. నేనూ టై పక్కకి లాగి, నా ఎర్ర గుండీ చూపించాను.

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "రెండో క్యాసెట్ గిట్ల దొరికిందా అన్నా?" అన్నాడు.

"రెండోది రానే లేదు కదండీ."

"ఎర్కే. ఎవరన్నా వచ్చిందంటరేమోనని అడుగుతుంట."

బస్సు కదిలింది. ఆఫీసులు కనబడగానే ఇద్దరం టైలు బిగించుకున్నాం.

ఇప్పుడు టైలు కట్టుకోమని ఎవరూ అనరు. నా ఎర్ర గుండీ రోజంతా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. రెండో క్యాసెట్ సంగతి మాత్రం ఎవరూ అడగరు.