తాడు పట్టుకుని సూర్యలంకకు

మా చిన్నాయనకు సముద్రం చూడాలని లేదు, ఈదాలని ఉంది. ఈ రెంటికీ తేడా ఉందని సామాన్ల జాబితా రాసేటప్పుడు నాకు తెలిసింది. చూడటానికైతే టోపీ, నీళ్ల సీసా చాలు. ఈదటానికి ఆయన అడిగింది బావి తాడు.

ఆయనది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. కేసీ కాలవలో ఆయనకు సాటిగా ఈదేవాడు ఆ చుట్టుపక్కల లేడని అనేవారు. కొన్నేళ్ల కిందట నూర్పిడి మిషనులో పడి ఎడమకాలు మోకాలి కిందికి పోయింది. కృత్రిమ కాలు పెట్టించుకున్నాక పొలం పనులు, మోటారు సైకిలు, చర్చి మెట్లు అన్నీ మళ్లీ మొదలుపెట్టాడు గాని, కాలవలో మాత్రం దిగలేదు.

ఎందుకని ఒకసారి అడిగాను. "కాలు ఇప్పి గట్టున పెడితే ఊరంతా వచ్చి నిలబడి చూస్తాదిరా. సముద్రం కాడైతే నన్ను ఎరిగినోడు యాడుంటాడు?" అన్నాడు.

నేను నంద్యాలలో ఒక రైస్ మిల్లులో యంత్రాల మరమ్మతులు చూస్తాను. నవంబరు చివర్లో మూడు రోజులు సెలవు దొరికింది. చిన్నమ్మ పెట్టిన షరతు ఒక్కటే: ఆదివారం ఆరాధనకు ఇద్దరమూ ఊళ్లో ఉండాలి. అందుకని గురువారం బయల్దేరి, శుక్రవారం సముద్రం చూసుకుని, శనివారం తిరిగి రావాలని అనుకున్నాం. వారం మధ్యలో వెళ్తే తీరంలో జనం తక్కువగా ఉంటారు. అదీ మాకు కలిసివచ్చేదే.

గురువారం తొలి బస్సుకు చిన్నాయన ఆళ్లగడ్డ నుంచి నంద్యాల చేరాడు. ఒక సంచిలో జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి. భుజాన చుట్ట చుట్టిన తాడు. స్టేషను బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని గుంటూరు వైపు వెళ్లే పగటి రైలు ఎక్కాం. కిటికీ సీట్లు కావాలంటే కాస్త ముందుగా ప్లాట్‌ఫారం మీద ఉండాలి. నల్లమల అడవి, సొరంగాలు గిద్దలూరు లోపే అయిపోతాయి. ఆ తర్వాత చాలాసేపు మెట్ట చేలే.

గిద్దలూరులో ఒక పెద్దావిడ మా ఎదురుగా వచ్చి కూర్చుంది. చాలాసేపు చిన్నాయన ఒళ్లోని తాడు వంకే చూసింది.

"ఏందయ్యా ఆ తాడు? బర్రెను కొననీకె పోతాండారా?"

"లేదమ్మా. మావోడిని కట్టేసుకుని పోతాండా. యాడ పడితే ఆడ దిగిపోతాడు."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "చూస్తే బుద్ధిమంతుని మాదిరే ఉండాడే!" అంది. నేను రొట్టెల సంచి విప్పాను.

గుంటూరులో దిగి, బస్సు మారి, సాయంత్రానికి బాపట్ల చేరాం. బస్టాండు దగ్గర లాడ్జీలు చాలానే ఉన్నాయి. నడవడానికి ఇబ్బంది ఉన్నవాళ్లు కింది అంతస్తులో గది అడగాలి, స్నానాల గది గడప ఎత్తు చూసుకుని మరీ తీసుకోవాలి. మేం మూడో లాడ్జీలో గాని కుదుర్చుకోలేదు. రాత్రి మెస్సులో చేపల పులుసు తిన్నాం. చిన్నాయన రెండోసారి అన్నం పెట్టించుకుని, "మన కాలవ చేపలో ముండ్లు ఏరేకే సరిపోతాది. ఇది మెత్తగుంది" అన్నాడు.

శుక్రవారం ఉదయం ఏడింటికల్లా ఆటోలో సూర్యలంక చేరాం. ఎండ ఇంకా ఎక్కలేదు. ఇసుక గట్టిగా, నడవడానికి అనువుగా ఉంది. ఒక పక్క పడవల దగ్గర జాలర్లు వలలు విప్పుకుంటున్నారు. ఇంకో పక్క వరసగా వేపుడు బండ్లు. వాటిలో మొదటి బండి ఆవిడ పళ్లెంలో కారం పట్టించిన కానాగంత చేపలు పేర్చి పెట్టుకుంది. ఈత అయ్యాక తింటామని చెప్పి, సంచీ, ఫోన్లు ఆమె దగ్గరే పెట్టాం.

నీళ్ల అంచుకు వెళ్లాక చిన్నాయన అటూ ఇటూ చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. కూర్చుని కాలు ఊడదీసి నాకిచ్చాడు. తడి ఇసుక ఎక్కడిదాకా ఉందో చూసి, దానికి రెండు బారల పైన, పొడి ఇసుకలో దాన్ని నిలబెట్టాను. చెప్పు కూడా విప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఎక్కువ దూరం పాకనక్కర్లేకుండా లెక్క చూసుకునే పెట్టాను. కాలవ గట్టున మేం చెప్పులు విడిచేదీ అలాగే. తూము ఎత్తితే తప్ప కాలవలో నీళ్లు పెరగవు. సముద్రానికి తూము లేదన్న సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

ఇక తాడు సంగతి. మా వైపు పిల్లలకు ఈత నేర్పేటప్పుడు నడుముకు తాడు కట్టి బావిలోకి దించుతారు. పైన పెద్దవాళ్లెవరో రెండో కొస పట్టుకుంటారు. చిన్నప్పుడు చిన్నాయన నన్నూ అలాగే దించాడు. నేను ఆ తాడు పట్టుకుని పైకి ఎక్కడం నేర్చుకున్నాను గాని, ఈత నేర్చుకోలేదు. ఇప్పుడు తాడు ఆయన నడుముకు, కొస నా చేతిలో.

చేతుల మీద జరుగుతూ ఆయన నీళ్లలోకి పోయాడు. మొదటి అలకే పల్టీ కొట్టి లేచాడు.

"థూ! ఏందిరా ఇది, ఉప్పు బస్తా కరిగినట్టుంది!"

నేను మోకాలి లోతులో నిలబడ్డాను. ఆయన నాకంటే కాస్త ముందు, అలల్లో కూర్చుని ఉన్నాడు. పెద్ద అల వచ్చినప్పుడల్లా తాడు గుంజేవాడు. నేను లాగేవాణ్ణి. ఇదే జరిగింది చాలాసేపు. ఒక్క బార కూడా ఈదలేదు. కాలవలో నీళ్లు ఒక దిక్కుకే పోతాయి. ఇక్కడ తోసేదీ, లాగేదీ ఒకే నీళ్లు. చివరికి ఆయన నా వైపు తిరిగి, "చాల్లేరా. చూసినం గదా, పోదాం పా" అన్నాడు. ఆ మాట ఇంత దూరం వచ్చిన మనిషి అన్నట్టు లేదు. నేను తాడు చుట్టడం మొదలుపెట్టాను.

అప్పుడే బండి ఆవిడ కేక వినిపించింది. "అయ్యో అయ్యో, మీ కాలయ్యా! కాలు కొట్టుకుపోతంది!"

వెనక్కి తిరిగితే నేను కాలు నిలబెట్టిన చోట నీళ్లున్నాయి. కాలు మా ఎడమ పక్కగా, చెప్పుతో సహా తేలుతూ, అల వెనక్కి పోయిన ప్రతిసారీ కాస్త లోపలికి పోతోంది. దూరం నుంచి చూసిన వాళ్లెవరో, మనిషి మునిగాడని పరుగెత్తుకొచ్చారు. ఒక్క నిమిషంలో మా వెనక గుంపు చేరింది.

చిన్నాయన అటు తిరిగి నీళ్లలో పడ్డాడు. తాడు నా అరచేతిని కోస్తూ జారి, కొస దగ్గర బిగుసుకుంది. కాలు ఇంకా ఆయనకు అందే దూరంలో లేదు.

"వదల్రా!" అని అరిచాడు.

వదల్లేదు. బావి గట్టున నిలబడినవాడు ఏం జరిగినా తాడు వదలకూడదని నాకు నేర్పింది ఆయనే.

"వదల్రా ఒరేయ్! ఆ కాలు లేకుండా ఇంటికెట్ల పోవల్ల? నీ భుజమెక్కి పోదునా?"

వదిలాను.

తర్వాత చూసింది నేను చిన్నప్పుడు గట్టు మీది నుంచి చూసిన ఈతే. చెయ్యి బారుగా చాపి, చెంప నీళ్లకు ఆనించి, తొందర లేకుండా. తీరంలో కాపలా ఉండే పోలీసు ఒకాయన ఈల ఊదుతూనే ఉన్నాడు. అల లేచినప్పుడు మనిషి కనపడడు, దిగినప్పుడు తల కనపడుతుంది. రెండుసార్లు కనపడి, మూడోసారి కనపడటం ఆలస్యమైంది. తర్వాత చూస్తే కాలు ఆయన చంకలో ఉంది. ఈత నేర్చుకునే పిల్లలు బెండు పట్టుకున్నట్టు దాన్ని పట్టుకుని, ఒంటి కాలితో తన్నుకుంటూ వచ్చి, పడవల దగ్గర ఒడ్డెక్కాడు. తాడు ఆయన వెనకే జారుతూ వచ్చింది.

గుంపు మొత్తం అక్కడికే వెళ్లింది. పోలీసు తిట్టాడు, న్యాయంగానే. వల పట్టుకున్న జాలరి ఒకాయన, "ఏ ఊరు మీది?" అని అడిగాడు.

"ఆళ్లగడ్డ."

"అక్కడ సముద్రం ఎక్కడుంది?"

"కాలవుందప్పా!" అన్నాడు చిన్నాయన. అంతమంది మధ్య, మోకాలి కింద ఏమీ లేకుండా ఇసుకలో కూర్చుని, గట్టిగా చెప్పాడు.

బండి ఆవిడ కానాగంతలు వేపి మా ముందు పెట్టి, మా సంచి వంక చూసింది. మిగిలిన జొన్నరొట్టె, ఊరిబిండి ఆమెకిచ్చాం. ఒక ముక్క తిని, "రొట్టె గట్టిగుంది గాని, ఈ పచ్చడి మాత్రం చేపలోకి బలే ఉంది" అంది. చిన్నాయన ఆరు చేపలు తిన్నాడు. నేను సంచిలో ఉన్న నా స్పానరుతో కాలి బోల్టులు విప్పి, మంచినీళ్లతో కడిగి, ఇసుక తుడిచి మళ్లీ బిగించాను. ఉప్పునీళ్లు ఇనుముకు మంచివి కావు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఇసుకలో గవ్వలు, ఎండిన నాచు వరసగా పడి ఉన్న గీత ఒకటి కనపడుతుంది. నీళ్లు అక్కడిదాకా వస్తాయి. సామాన్లు దానికి పైన పెట్టండి. ఒంటరిగా లోపలికి పోకండి. ఈల వినపడితే వెనక్కి రండి. మేం చేసింది మీరు చెయ్యకండి.

శనివారం తిరుగు రైల్లో చిన్నాయన కాలు తీసి కిటికీ పక్కన ఎండలో పెట్టాడు. కడిగినా దాన్లోంచి ఇంకా ఇసుక రాలుతోంది. ఎదురు సీటాయన మొహమాటపడుతూ అటే చూస్తుంటే, "సముద్రంలో ఈదొచ్చిందప్పా, ఆరబెడతాండా" అన్నాడు. నిన్నటి దాకా, ఇన్నేళ్లలో ఆయన నలుగురిలో ఆ కాలు తీయడం నేను చూడలేదు.

నంద్యాలలో దిగేసరికి పొద్దు వాలుతోంది. అడుగు వేసినప్పుడల్లా కాలు కిర్రుమంటుంటే, ఆళ్లగడ్డ దాకా దింపి వద్దామని నేనూ బస్సెక్కాను. సూర్యలంకలో మేం ఉన్నది పూర్తిగా ఒక పూట కూడా కాదు. రానూ పోనూ ప్రయాణమే ఎక్కువ. అయినా వెళ్లి రావలసిన చోటే. బస్సు కాలవ వంతెన మీదికి వచ్చింది. నీళ్లు నిండుగా, నిదానంగా పోతున్నాయి. చిన్నాయన కిటికీలోంచి తల తిప్పకుండా చూశాడు.

"రేపు ఆరాధనైనాక కాలవ కాడికి రా. ఆ తాడు తీసుకరా."

"ఊరంతా ఉంటారు చిన్నాయనా, ఆదివారం."

"ఉండనీ."

"ఇంకా తాడెందుకు నీకు?"

"నాకెందుకురా? నీకు" అన్నాడు.