రెండో తాళంచెవి

తాళాలక్క చేతికి లొంగని తాళం ఆ పేటలోనే లేదని పేరు. తండ్రి పోతూ ఆమెకిచ్చిన ఆస్తి ఒక ఆకురాయి, వంకర తీగల డబ్బా, ఒక నియమం. "ఏ తాళం చేసినా రెండో తాళంచెవి మన దగ్గర ఉండాలమ్మా. మనుషులకు మతిమరుపెక్కువ." కొట్టు గోడకు అలాంటివి మూడు వందలు వేలాడుతుంటాయి. ఇంతమంది ఇళ్లు తెరవగల మనిషి సాయంత్రం తన ఇంటి తలుపు తీస్తే, "వచ్చావా" అని అడిగే గొంతు మాత్రం ఇరవై ఏళ్లుగా లేదు.

నలభై నాలుగో ఏట, ఒక పిల్లను పెంచుకుంటానని దరఖాస్తు పెట్టింది. "ఈ వయసులో నీకెందుకే ఈ తలనొప్పి?" అన్నారు చుట్టాలు. తలనొప్పైతే ఏం, ఇంట్లో ఇంకో మనిషి ఉంటుంది కదా అనుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల ఒక నీలం సంచితో వచ్చింది. ఆరు నెలలు గడిచాక శిశు సంక్షేమ అధికారి వచ్చి పిల్లను అడుగుతుంది. పిల్ల ఉంటానంటే దత్తత ఖాయం, లేదంటే వెంటబెట్టుకుని పోతుంది.

మొదటి వారంలోనే అక్క కొంప ముంచుకుంది. పిల్ల వెనక గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఎంత పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. లోపల ఏమైందోనని అక్కకు భయమేసింది. సందులోంచి తీగ దూర్చి అర నిమిషంలో తలుపు తీసేసింది. అక్కడితో ఊరుకుందా? "చూశావా, నా దగ్గర ఏ గడియా ఆగదు!" అని నవ్వింది కూడా. పనిమంతురాలి గొప్ప, మరేమిటి! పిల్ల మంచం మూలకు జరిగి, దొంగను చూసినట్టు చూసింది. ఆ రోజు నుంచి సంచి సర్దుకుని పక్కనే పెట్టుకుంది. ఏమడిగినా ఊ, కాకపోతే ఉహూ. "అమ్మా" మాట దేవుడెరుగు, "ఏమండీ" అని కూడా పిలవలేదు.

"ఊళ్లో తాళాలన్నీ తీస్తావు, పిల్ల నోరు తెరిపించలేవా అక్కా?" అన్నాడు పక్క కొట్టు దర్జీ. ఆమె నవ్వేసి, ఆ రోజు పొద్దుండగానే కొట్టు కట్టేసింది. ఒక్కతే ఉన్నప్పటి ఒంటరితనం పాత చెప్పులా కాలికి అలవాటైపోయింది. ఎదురుగా కూర్చుని తింటున్న మనిషి తలెత్తకపోతే కలిగే ఒంటరితనం కొత్తది. అది కరిచేది.

నాలుగో నెలలో మూడు సాయంత్రాలు కూర్చుని, రెండు వైపుల నుంచీ తిరిగే తాళం ఒకటి చేసి, ఆ గది తలుపుకు బిగించింది. తాళంచెవులు రెండూ పిల్ల చేతిలో పెట్టింది.

"రెండూ నీవే. నా దగ్గర మూడోది లేదు."

"తీగతో తీస్తావుగా," అంది పిల్ల. అన్ని నెలల్లో అదే పెద్ద మాట.

"తీయడం వచ్చు. తీయను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టుందని ఆమెకూ తెలుసు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆ తాళం పడే చప్పుడు వినడమే ఆమె పని.

ఆరో నెల నిండింది. మెట్ల మీద అధికారి బూట్ల చప్పుడు వినగానే లోపల తాళం పడింది. ఇద్దరూ పిలిచారు. తలుపు తెరుచుకోలేదు.

"పిల్లను చూడకుండా ఏం రాయమంటారు?" అంది అధికారి. "ఇదివరకు రెండిళ్ల నుంచి తనను వెనక్కి తీసుకెళ్లింది నేనే. ఈ ఇల్లూ కుదరలేదని రాయడం నాకిష్టం లేదు. మీకిదో లెక్కా, తీయండి."

అక్క చెయ్యి జేబులోని తీగ మీదికి పోయింది. తీస్తే పిల్ల మనసు పోతుంది, తీయకపోతే పిల్లే పోతుంది. అడకత్తెరలో పోకచెక్కలా నలిగిపోయి, చివరికి చెయ్యి బయటికి తీసింది.

"తీయను మేడం. అది తన తాళం. నేను మాటిచ్చాను."

"మరి నేను రాయాల్సింది రాయాల్సి వస్తుంది."

"రాయండి," అంది. అనేశాక ఏడుపొచ్చింది. రేపటి నుంచి ఆ గది తలుపు బార్లా తెరిచి ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. అధికారి నిట్టూర్చి, కాగితాలు సంచిలో పెట్టుకుని లేచింది.

అప్పుడు తలుపు కింద ఏదో గీసుకున్న చప్పుడైంది. సందులోంచి తాళంచెవి ఒకటి జారి వచ్చి గడప దగ్గర ఆగింది. అక్క వంగి తీసుకుంది. తన ఆకురాయి గీతలే, రెండో తాళంచెవి. అలవాటైన చెయ్యి దాన్ని తిన్నగా తాళం దగ్గరికి తీసుకుపోయింది.

"ఇప్పుడు కాదు!" అని లోపలి నుంచి కేక. తర్వాత కాస్త మెల్లగా, "ఆవిడ వెళ్లిపోయాక తీయి."

గుమ్మం దాకా వెళ్లిన అధికారి వెనక్కి వచ్చి కూర్చుంది. కాగితాలు మళ్లీ పైకి తీసి, రాస్తూ రాస్తూ అంది: "రెండు నిమిషాల్లో ఒక్కదాన్నే వెళ్లిపోతానని చెప్పండి తనకు."

తాళాలక్క తలుపుకు ఆనుకుని ఆ మాట చెప్పింది. పిడికిట్లో తాళంచెవి పళ్లు గుచ్చుకుంటున్నా చెయ్యి వదులు చేయలేదు.