ఫారంలో లేని గడి

ఫణిశ్రీ ముక్కు ఎముక ఒక మంగళవారం ఉదయం రౌండ్స్‌లో విరిగింది. రాజమండ్రిలో ఒక బోధనాసుపత్రిలో ఆమె మానసిక వైద్యం పీజీ రెండో ఏడాది చదువుతోంది. రోగులు సిబ్బంది మీద చేసే దాడులే ఆమె థీసిస్. దాడికొకటి చొప్పున అప్పటికి పదకొండు ఫారాలు నింపింది. పన్నెండోది తనదే అయింది.

కొట్టినవాడు పెద్దిరాజు అనే రోగి, కడియం నర్సరీల్లో మొక్కలకి అంట్లు కట్టే మనిషి. సెలైన్ స్టాండు ఎత్తి ఆమె ముఖం మీద మోదాడు. రక్తం నోట్లోకి కారుతుండగా కిందపడ్డ ఫణిశ్రీ ఇంకొకటి కూడా చూసింది. వార్డుబాయ్ ప్రసన్నకుమార్ అతని జుట్టు పట్టుకుని తలను ఇనప మంచానికేసి కొట్టాడు. ఒకసారి కాదు. అతని పళ్లు రెండు రాలి ఆమె చేతి పక్కనే పడ్డాయి.

వారం తరవాత ముక్కుకి కట్టుతోనే వచ్చి ఫారం నింపింది. "కారణం: జబ్బు ముదరడం."

గైడ్ మధులత అది చదివి, "కొట్టకముందు అతనెలా ఉన్నాడు?" అన్నారు.

"మంచానికి కట్టేసి ఉన్నాడండి. మందు ఇవ్వడానికి అప్పుడే విప్పారు."

"ఎప్పట్నుంచి కట్టేశారు?"

"తెలీదండి. ఫారంలో ఆ గడి లేదు."

"ఫారం తయారుచేసింది నువ్వే కదమ్మా. దెబ్బలు తిన్నవాళ్లనే అడిగావు. కొట్టినవాళ్లనీ అడుగు."

ఫణిశ్రీకి ఒళ్లు మండిపోయింది. "నన్ను చంపబోయినవాణ్ణి నేనెళ్లి అడగాలా మేడమ్?"

"కోపం తగ్గాకే వెళ్లు. అతను చెప్పిందీ ఊరికే నమ్మకు, సరిచూసుకో."

రోగులని అడగడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చి, పెద్దిరాజు కుదుటపడ్డాక, ఫణిశ్రీ అతని భార్య బుల్లెమ్మ ఎదుట, ఇష్టమైతేనే చెప్పమని అడిగింది. అతను మణికట్లు చూపించాడు. తాడు కోసుకుపోయిన చోట చీము పట్టి మానిన మచ్చలున్నాయి.

"దాహమేసి అరిచానండి. వార్డోళ్లు చెంపలు వాయించారు. చెయ్యి విడిపించగానే ఎదురొచ్చినోళ్లని కొట్టేశానండి. మీరని తెలీదు."

ఫణిశ్రీ మూడు నెలలు వార్డులోనే కూర్చుని, ప్రతి దాడికీ ముందు ఏం జరిగిందో కళ్లతో చూసి రాసింది. నలభై ఒక్క దాడుల్లో ఇరవై తొమ్మిదింటికి ముందు సిబ్బంది రోగిని కట్టెయ్యడమో కొట్టడమో ఉంది. మిగిలిన పన్నెండింటికి ఏ కారణమూ దొరకలేదు. అదీ రాసింది.

సంగతి తెలిసి ప్రసన్నకుమార్ స్టూలు ఎత్తి ఆమె తల పక్కన గోడకేసి బద్దలుకొట్టాడు. "ఆ రోజు మిమ్మల్ని కాపాడింది మేము. మా మీదే రాస్తారా?"

"కాపాడారండి. అది కూడా రాశాను," అంది ఫణిశ్రీ.

అతన్ని బదిలీ చేశారు. వార్డులోంచి తాళ్లు తీసేశారు. ఆ మరుసటి నెలే ఒక రోగి నర్సు బేబీ గొంతు నులిమాడు. నలుగురు మీదపడి, ఒక్క దెబ్బా వెయ్యకుండా, అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. ఆ నలుగురిలో ఫణిశ్రీ ఒకతె.